మేనరికం.. చట్టం ఏమంటోంది?
ఆచారం నిరూపిస్తేనే నిలిచే పెళ్లి

బరంపురం: ‘పిల్ల ఇంట్లోనే ఉంది, బయటి సంబంధాలెందుకు?’ గంజాం జిల్లా తెలుగు ఇళ్లలో పెళ్లి మాట ఎత్తగానే పెద్దలు అనే మాట ఇది. 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జిల్లా కావడంతో ఇచ్ఛాపురం, సోంపేట వైపు వియ్యాలు ఇప్పటికీ సాగుతున్నాయి. ఇరుగుపొరుగు ఒడియా కుటుంబాలు చాలావరకు మేనరికం చేసుకోవు. మరి చట్టం ఏమంటోంది?

1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ-మేనకోడలు, అన్నాచెల్లెళ్ల బిడ్డల సంబంధాలను నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చింది. 11వ సెక్షన్ కింద ఆ పెళ్లి చెల్లదని కోర్టు ప్రకటించవచ్చు. వధూవరులిద్దరి ఆచారమూ ఒప్పుకుంటే మాత్రం ఢోకా లేదు.

‘ఇద్దరి’ అన్నదే కీలకం
తల్లో తండ్రో ఒడియా అయిన ఇంట్లో మేనరికం కుదిరితే చిక్కు ఇక్కడే రావచ్చు. ఆచారమంటే చాలాకాలంగా, తేడా లేకుండా నడుస్తున్నదై ఉండాలి. గొడవ కోర్టుకెక్కితే దాన్ని రుజువు చేయాల్సిందే. తమవారిలో ఇదివరకు జరిగిన మేనరికాలు, పెద్దల సాక్ష్యం అప్పుడు అక్కరకొస్తాయి. రిజిస్టరు చేయించాం కదా అంటే సరిపోదు.

ఢిల్లీలో ఓ భర్త దగ్గరి బంధుత్వం చూపి, తన పెళ్లి చెల్లదని 2007లో తీర్పు తెచ్చుకున్నారు. ఆ నిబంధననే సవాలు చేస్తూ భార్య వేసిన పిటిషన్‌ను 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

ఆడపిల్లకు దారేది?
పెళ్లి చెల్లదని తేలినా 16వ సెక్షన్ ప్రకారం పిల్లలు సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో వారికి హక్కుంటుంది. అలాంటి పెళ్లిలోనూ శాశ్వత భరణం కోరవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవ్వాలా వద్దా అన్నది కేసును బట్టి ఉంటుంది.

ఇంట్లోవాళ్ల బలవంతంతోనో, మోసంతోనో ‘ఊ’ కొట్టించిన పెళ్లయితే దారి వేరు. 12వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు. బలవంతం తొలగిన లేదా మోసం బయటపడిన ఏడాదిలోపే వెళ్లాలి. ఆ తర్వాత ఇష్టపడి కాపురం చేస్తే ఆ అవకాశం పోతుంది.

కేసు ఎక్కడ?
పెళ్లి జరిగిన చోట, ఎదుటివారు ఉంటున్న చోట, ఇద్దరూ చివరగా కాపురమున్న చోట వేయవచ్చు. 2003 సవరణతో భార్య తానుంటున్న చోటా వేయవచ్చు. బరంపురం కోడలు ఇచ్ఛాపురం పుట్టింట్లో ఉంటే శ్రీకాకుళం జిల్లాలోనే కోర్టుకు వెళ్లవచ్చన్నమాట.

లగ్నపత్రిక రాసుకునే ముందే రెండు వైపుల ఆచారం కనుక్కోవడం మేలు. పిల్ల ఇష్టం అడగడం అంతకన్నా ముందు.