న్యాయాధికారిపై నమ్మకం సడలితే

ఉద్యోగం పోయిన కార్మికుడికి దశాబ్దాలుగా లేబర్ కోర్టే ఆశ్రయం. అక్కడి న్యాయాధికారే యాజమాన్యం వైపు మొగ్గుతున్నారని అనుమానం వస్తే ఏం చేయాలి?

సివిల్ దావాను బదిలీ చేసే అధికారం జిల్లా కోర్టుకు, హైకోర్టుకు ఉంటుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం మాత్రం 33-బి సెక్షన్ కింద ఈ అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. కారణాలను ఉత్తర్వులో రాయాలని షరతు పెట్టింది.

పక్షపాతాన్ని రుజువు చేయనక్కరలేదు. సహేతుకమైన భయం ఉంటే చాలు. అయితే వాయిదా ఇవ్వలేదనో, ఒక పిటిషన్ కొట్టివేశారనో కలిగే అసంతృప్తి అందుకు చాలదు. కాబట్టి దరఖాస్తులో మీరు తేదీలతో సహా జరిగిన సంఘటనలు పేర్కొనాలి.

ఎదుటి పక్షం మాటా వినాలి. ఒక కార్మికుడు కోరగా, యాజమాన్యానికి అవకాశమివ్వకుండా కేసు బదిలీ చేసిన బీహారు ప్రభుత్వాన్ని 1990లో నల్లీ భారత్ ఇంజనీరింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం మారినా సూత్రం మారదు: పక్షపాతాన్ని తప్పించడానికి చేసే బదిలీ తానే ఏకపక్షం కారాదు.