పొయ్యిని కొలిచి బండను కోయండి

సొలొమోను యెరూషలేములో మందిరము కట్టించినప్పటి ఒక చిన్న సంగతిని చాలామంది చదివి దాటిపోతారు. రాళ్లన్నిటినీ ముందే కొలిచి, చెక్కి, సిద్ధము చేసి తెచ్చారట. అందుచేత మందిరము లేస్తున్న చోట ఉలి దెబ్బ కూడా వినబడలేదు (1 రాజులు 6:7). మేము ఈ భాగము మీద ఎన్నోసార్లు ప్రసంగము చేశాము. కాని మా ఇంటి వంటగది బాగు చేయించినప్పుడు మాత్రము దానిని మరచిపోయాము. అందువల్ల ఒక మంచి బండ పాడైంది. దేవుడు కాపాడకపోతే అంతకన్న విలువైనదే పోయేది.

పూర్వము వరంగల్ జిల్లాలో ఉండి, 2016 నుండి జనగామ జిల్లాలోకి వచ్చిన మా పాలకుర్తి ప్రాంతములో ఇప్పుడు చాలా కుటుంబాలు పాత వంటగదులను మార్పించుకొంటున్నాయి. వారికి పనికివస్తుందని మా పొరపాటును దాచకుండా రాస్తున్నాము.

నేల మీద నుండి గట్టు మీదికి

మా అమ్మల కాలములో పొయ్యి నేల మీదనే ఉండేది. మూడు రాళ్లు, తడి కట్టెలు, ఊదుగొట్టము, కళ్ల నిండా పొగ. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకము ద్వారా పొదుపు సంఘాల స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల పథకము తెచ్చింది. ఇట్లా పొయ్యి నేల విడిచి గట్టు ఎక్కింది. పొగ పోయింది, మంచిదే. కాని గట్టు కట్టించిన మగవారిలో ఎంతమంది ఆ గట్టు ముందు నిలబడే మనిషి ఎత్తును అడిగారు? మేమూ అడగలేదు.

మా పాత వంటగట్టు కడప బండది. అంచులు విరిగి, సందుల్లో బొద్దింకలు చేరాయి. రెండేళ్ల క్రితము దానిని తీయించి గ్రానైటు వేయించాలనుకొన్నాము. కింద అరలు, వాటికి తలుపులు. పొయ్యి మాత్రము పైన పెట్టినట్టు కాకుండా బండలోనే అమరిపోవాలి. జనగామలో ఒక ఇంట్లో అట్లా చూసి ముచ్చటపడ్డాము. బండలో రంధ్రము కోసి, పొయ్యి పెట్టెను అందులోకి దించితే, అద్దము పలక ఒక్కటే గట్టు మీద పరుచుకొని కనబడుతుంది.

పోయిన బండ

పొయ్యి ఇంకా ఇంటికి రాలేదు. బండ కోసే మేస్త్రీ వచ్చి, "అయ్యగారు, కొలత చెప్పుండ్రి" అన్నాడు. మేము షాపులో చూసి కాగితము మీద రాసుకొన్న పొడవు వెడల్పులు చెప్పాము. అతడు చెప్పిన ప్రకారమే కోశాడు. మరునాడు పొయ్యి తెచ్చి దించబోతే అది రంధ్రములో నిలువక కిందికి జారిపోయింది. చేతులతో పట్టుకోబట్టి పగలలేదు.

కారణము చాలా చిన్నది. మేము రాసుకొన్నది పై పలక కొలత. బండకు కోయవలసినది కింది పెట్టె కొలత. పలక అన్ని వైపులా రంధ్రము కంటె కొంచెము పెద్దదిగా ఉండి, ఆ అంచుల మీదనే పొయ్యి నిలబడుతుంది. కోయవలసిన కొలతను కంపెనీవారు పొయ్యితో వచ్చే కాగితము మీద వేరుగా ముద్రిస్తారు. అది పెట్టెలోనే ఉంది. పెట్టె విప్పకముందే మేము బండ కోయించాము.

చెక్క ఎక్కువైతే చిత్రిక పట్టవచ్చు. గోడ తక్కువైతే ఇటుక పెట్టవచ్చు. కోసిన గ్రానైటును తిరిగి అతికించలేము. తప్పు మేస్త్రీది కాదు, మాది. ఆ మాట అతనికి చెప్పి పూర్తి కూలి ఇచ్చాము.

ఇల్లాలు చెప్పిన ఉపాయము

ఆ సాయంకాలము మా ఇల్లాలు ఆ రంధ్రము ముందు నిలబడి, "మీరు ఒక్కసారి ఇక్కడ నిలబడి గంటె తిప్పండి" అన్నది. ఆమె మాకంటె చాలా పొట్టి. పాత గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద అన్నము గిన్నె పెడితే గిన్నె అంచు ఆమె భుజము దాకా వచ్చేది. ఇరవై ఏళ్లు మోచేయి ఎత్తి గంటె తిప్పిందని మాకు ఆ రోజే తెలిసింది. భుజము నొప్పికి తైలము తెచ్చి ఇచ్చాము గాని, నొప్పి ఎక్కడినుండి వచ్చిందో చూడలేదు.

ఆమె సలహా మీదనే పని మార్చాము. రంధ్రానికి ముందు, వెనుక మిగిలిన పట్టీలను కోయించి, గట్టును రెండు ముక్కలు చేశాము. నడుమ అయిదు అంగుళాలు కిందికి మరొక బండ వేయించాము. షాపాయన పాత పొయ్యి వాపసు తీసుకొని, కాళ్ల మీద నిలబడే మామూలు మూడు మంటల పొయ్యి ఇచ్చాడు. దానిని ఆ పల్లములో పెడితే దాని పై భాగము ఇరువైపుల గట్టుతో ఇంచుమించు సమమైంది. చూడముచ్చటగానూ ఉంది, ఆమె చేయి కిందికీ దిగింది.

పొయ్యికి ఇరుపక్కల అంగుళమంత ఖాళీ వదిలాము. కొందరు ఆ సందును సిమెంటుతో మూసివేస్తారు. అట్లా చేయరాదు. మంట సరిగా మండాలంటే పొయ్యి కింది నుండి గాలి తీసుకోవాలి. పాలు పొంగినప్పుడు పొయ్యిని ఎత్తి తుడుచుకొనే వీలు కూడా ఉండాలి.

తలుపు వెనుక దాగినది

ఇంతటితో పని ముగిసిందనుకొన్నాము. సిలిండరు కనబడితే అందము చెడుతుందని పొయ్యి పక్క అరలో పెట్టించి, గట్టిగా మూసుకొనే తలుపు బిగించాము. రబ్బరు ట్యూబును అర చెక్కకు రంధ్రము చేసి పోనిచ్చాము. చూసినవారందరు మెచ్చుకొన్నారు.

కొన్ని నెలల తరువాత ఒక మంగళవారము స్త్రీల మైత్రి కూడిక మా ఇంట్లో జరిగింది. ప్రార్థన అయ్యాక టీ పెట్టడానికి ఒక చెల్లెమ్మ అగ్గిపెట్టె తీసింది. వెనుక ఉన్న ముసలమ్మ, "ఆగు బిడ్డా! ఎల్లిగడ్డ మురిగిన వాసనొస్తుంది" అని చేయి పట్టుకొన్నది. ఎవరూ స్విచ్చు ముట్టలేదు. అర తలుపు తీసి రెగ్యులేటరు కట్టేశారు. కిటికీలు, తలుపులు తెరిచి అందరు వాకిట్లోకి వచ్చారు. తరువాత చూస్తే, ట్యూబు చెక్క అంచుకు ఒరిసి ఒరిసి పగిలింది. తలుపు వెనుక ఉన్నందున ఎవరికీ కనబడలేదు.

వంట గ్యాసుకు సహజముగా వాసన లేదు. కారితే తెలియాలని కంపెనీలు ఒక ఘాటైన పదార్థము కలుపుతాయి. అది గాలికంటె బరువైనది గనుక పైకి పోక నేలబారున, అర అడుగున నిలిచిపోతుంది. తలుపుకు కింద గాలి సందు లేకపోతే బయటికి పోయే దారే లేదు.

కొత్త ఇల్లు కట్టేవాడు మేడకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషము ఇంటి మీదికి వస్తుందని మోషే ధర్మశాస్త్రము చెబుతుంది (ద్వితీయోపదేశకాండము 22:8). మన వంటగదికి పిట్టగోడ ఏది? ఆ రాత్రి మేమిద్దరము ఈ మాట తలచుకొని మోకరించాము. తెల్లవారి ట్యూబు మార్పించి, ఆ ఒక్క అరకు తలుపు పీకివేశాము. ఇప్పుడు ఎర్రటి సిలిండరు అందరికీ కనబడుతుంది. కనబడనీ.

పని మొదలుపెట్టే ముందు

1. పొయ్యి ఇంటికి వచ్చాకే బండ కోయించండి. కాగితము మీది కోత కొలతను మేస్త్రీకి చూపించండి.

2. వంట చేసే మనిషిని నిలబెట్టి, మోచేయి వంచి కొలవండి. గట్టు మోచేయికంటె నాలుగు అంగుళాలు తక్కువగా ఉంటే పని సుళువు. పొయ్యి ఎత్తును కూడా లెక్కలో పట్టండి.

3. సిలిండరును ఎప్పుడూ నిలువుగా, పొయ్యికంటె కింద ఉంచండి. తలుపు తప్పదంటే అడుగున, పైన గాలి సందులు పెట్టించండి.

4. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న ట్యూబే వాడండి. అది మొదలు నుండి చివర దాకా కంటికి కనబడాలి. అయిదేళ్లకు ఒకసారి మార్చండి, పగులు కనబడితే వెంటనే మార్చండి.

5. పొయ్యికి నేరుగా పైన చెక్క అరలు, పక్కన కిటికీ తెర ఉండరాదు.

6. వాసన వస్తే అగ్గి గీయకండి, స్విచ్చు వేయకండి, తీయకండి. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

ప్రియ సహోదరులారా, వంటగది చుట్టాలకు చూపించుకొనే గది కాదు. మన ఇంటి తల్లి, భార్య, కోడలు దినమంతా నిలబడే చోటు. పునరుత్థానుడైన ప్రభువే తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పులు సిద్ధపరచి, అలసిన శిష్యులకు భోజనము పెట్టాడు (యోహాను 21). పొయ్యి దగ్గరి పనిని ఆయన చిన్నదిగా ఎంచలేదు. మీరు బండ కొనడానికి బయలుదేరకముందు మీ ఇల్లాలిని పిలిచి, "నీకు ఎంత ఎత్తు కావాలి?" అని అడగండి. మేము ఇరవై ఏళ్లు ఆలస్యముగా అడిగాము.