పట్టా పెట్టుబడి అవుతుందా?

బి.కాం. ముగించిన పిల్లలు ‘షేర్లు, ఫండ్ల రంగంలో ఉద్యోగం చేస్తాం’ అనగానే తలిదండ్రులకు కలిగే మొదటి సందేహం: దానికి ఏ పరీక్ష ప్యాసవాలి? పరీక్షలకేం, బోలెడున్నాయి. ఏది ఏ పనికి వస్తుందో తెలియకుండా ఫీజు కట్టడంలోనే ఉంది చిక్కంతా.

వీటిలో పేరుమోసినది సి.ఎఫ్.ఏ. దీని పుట్టుక చిత్రమైనది. పెట్టుబడుల విశ్లేషకులకూ ఒక వృత్తి పరీక్ష ఉండాలని బెంజమిన్ గ్రాహం అనే అమెరికన్ పండితుడు 1945లో వాదించాడు. ఆయన మాత్రం అటువంటి పరీక్షేదీ లేకుండానే 1914లో వాల్‌స్ట్రీట్‌లో చిన్న ఉద్యోగిగా ప్రవేశించినవాడు! తొలి పరీక్ష 1963లో జరిగింది. 284 మంది రాయగా 268 మంది గట్టెక్కారు.

నేడు మూడు మెట్ల పరీక్షలు దాటినా ఆ బిరుదు వెంటనే రాదు. కనీసం 36 నెలల వ్యవధిలో 4,000 గంటలు సంబంధిత పని చేసి ఉండాలి. ఉద్యోగం కోసం బిరుదు అని బయలుదేరినవాడికి, బిరుదు కోసమే ఉద్యోగం కావలసి వస్తుందన్నమాట! మొదటి మెట్టు దాటిన సంగతి దరఖాస్తులో రాసుకుంటే ఇంటర్వ్యూకు పిలుపు రావచ్చు. అంతకు మించి హామీ లేదు.

మన దేశంలో కొన్ని పనులకు పరీక్ష అలంకారం కాదు, నిబంధన. మ్యూచువల్ ఫండ్లు అమ్మిపెట్టాలన్నా, రుసుము పుచ్చుకొని పెట్టుబడి సలహా చెప్పాలన్నా, 2006లో సెబీ నెలకొల్పిన ఎన్.ఐ.ఎస్.ఎమ్. వారి పరీక్షలు నెగ్గాలి. సి.ఎఫ్.ఏ. ఖర్చు లక్షలలోకి పోతే వీటికి కొద్ది వేలు చాలు. కనుక ముందు వీటిని రాయడం మేలు.

చార్టర్డ్ అకౌంటెన్సీ మరో దారి. అందులో ఆర్టికల్‌షిప్ పేరిట రెండేళ్లు పనిచేయడం చదువులో భాగమే. అసలైన చిట్టా, ఆవర్జాలు తిరగేసినవాడికి లాభం కాగితం మీదిదో, చేతికి వచ్చినదో పసిగట్టే చూపు అలవడుతుంది. అలాగని పట్టా ఉన్న ప్రతివారికీ ఆ చూపు ఉంటుందనుకోరాదు. 2009లో హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ పుస్తకాలలో లేని నగదు ఐదువేల కోట్లకు పైగా ఉన్నట్లు చూపారని బయటపడింది. ఆ లెక్కలు పెద్ద పరీక్షలు నెగ్గినవారి చేతులమీదుగా సాగినవే.

పట్టా గుమ్మం దాకా తీసుకుపోతుంది. లోపల నిలబెట్టేది చదివి ప్రశ్నించే అలవాటు. దానికి ఫీజు లేదు. కంపెనీల వార్షిక నివేదికలు ఉచితంగానే దొరుకుతాయి. నెలకొకటి చదివి, తన అభిప్రాయం రెండు పేజీలలో రాసుకొని, ఏడాది తరువాత సరిచూసుకోవాలి.

తలిదండ్రులు లక్షలు కట్టేముందు అటువంటి నివేదిక ఒకటి చదివి చెప్పమని పిల్లలను అడగాలి. విసుగు లేకుండా, ఇంట్లో అందరికీ తెలిసేటట్లు చెప్పగలిగితే ఆ ఫీజు దండగ కాదు.