మలుపులో బిగుసుకునే బండి

చీపురుపల్లి, గరివిడి, గర్భాం పరిసరాలలో జీపును ఎరుగనివారు ఉండరు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఆరంభమైనది ఈ ప్రాంతంలోనే; అప్పుడిది విశాఖపట్నం జిల్లాలో భాగం. ఎర్రమట్టి బాటలలోను, వానకు మెత్తబడిన చెరువు గట్లమీదను మామూలు కారు చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. జీపు ముందు చక్రాలను కూడా పనిలోకి దించి బయటపడుతుంది. 1947 నుంచి మహీంద్రావారు మన దేశంలో అందించిన విల్లీస్ జీపులలో ఈ సదుపాయం ఉన్నది.

అయితే ఆ జీపు నడిపేవారు ఒక జాగ్రత్త పాటిస్తారు. తారు రోడ్డు ఎక్కగానే ముందు చక్రాల గేరు తీసివేస్తారు. ఎందుకు తీయాలి? ఎల్లప్పుడూ నాలుగు చక్రాలతోనూ నడిచే బండ్లు నేడు రోడ్లమీద తిరుగుతున్నవి కదా, వాటికి ఈ జాగ్రత్త ఎందుకు అక్కరలేదు? అటువంటి బండి ఒకనాడు మలుపులో ఎవరో బ్రేకు పట్టినట్టు బిగుసుకుంటే, లోపం ఎక్కడ ఉన్నదో కనిపెట్టడం ఎలా? ఈ ప్రశ్నలకు సమాధానం హైస్కూలు రేఖాగణితంలోనే ఉన్నది.

సైకిలు చెప్పే పాఠం

ఒక సైకిలు తెచ్చి రెండు చక్రాల టైర్లనూ నీటితో తడపండి. పాఠశాల ఆవరణలో పొడి నేలమీద దానిని గుండ్రంగా నడిపించండి. నేలమీద రెండు తడి గీతలు పడతాయి. ముందు చక్రం గీత వెలుపల, వెనుక చక్రం గీత లోపల ఉంటాయి. అంటే మలుపులో ముందు చక్రం ఎక్కువ దూరం నడుస్తున్నది. ఇక ప్రతి చక్రంలోను ఒక పుల్లకు గుడ్డపీలిక కట్టి చుట్లు లెక్కపెట్టండి. వెనుక చక్రం 3 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో తిరిగితే, రెండు ప్రదక్షిణాలు పూర్తయ్యేసరికి ముందు చక్రం సుమారు ఒక చుట్టు ఎక్కువ తిరిగి ఉంటుంది.

ఇప్పుడు నాలుగు చక్రాల బండికి వద్దాం. దాని రెండు ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు అనుకొందాం. వెనుక ఇరుసు మధ్యబిందువు 6 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతున్నది. మలుపు కేంద్రం వెనుక ఇరుసు రేఖమీదనే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఒక లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. 6, 2.4 భుజాలు, ముందు ఇరుసు వ్యాసార్ధం కర్ణం. పైథాగరస్ సూత్రం ప్రకారం అది 6.46 మీటర్లు. పూర్తి వృత్తం తిరిగితే వెనుక ఇరుసు నడిచేది 37.7 మీటర్లు, ముందు ఇరుసు నడిచేది 40.6 మీటర్లు. తేడా 2.9 మీటర్లు.

రోడ్డుమీద మనం పూర్తి వృత్తం తిరగము. సందు మొగలో లంబకోణపు మలుపు తిరిగితే ఈ తేడాలో నాల్గవ వంతు, అంటే సుమారు 72 సెంటీమీటర్లు వస్తుంది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లయితే అది చక్రానికి మూడవ వంతు చుట్టు. ఇరుసులోని పళ్ళచక్రాల నిష్పత్తి 4.1 అనుకొంటే, ఇరుసుకు శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఈ తేడా 1.35 చుట్లవుతుంది. ఒక్క మలుపులో ముందు షాఫ్టు వెనుక షాఫ్టుకంటె అన్ని చుట్లు ఎక్కువ తిరిగి తీరవలెను.

మిగిలిన చుట్టు ఎక్కడికి పోతుంది?

ఇంజనునుంచి గేరుపెట్టె గుండా వచ్చిన శక్తిని ముందుకు, వెనుకకు పంచేది ట్రాన్స్‌ఫర్ కేసు. పాత జీపులో ముందు గేరు వేయగానే ఇది రెండు షాఫ్టులను ఒకటిగా కట్టివేస్తుంది. ఒకటి ఎన్ని చుట్లు తిరిగితే రెండవదీ అన్నే తిరగాలి. కాని మలుపు 1.35 చుట్ల తేడాను కోరుతున్నది. బురదలోనైతే టైర్లు కొద్దిగా జారి ఆ తేడాను సర్దివేస్తాయి. తారు రోడ్డు టైరును గట్టిగా పట్టి ఉంచుతుంది. అప్పుడు షాఫ్టులు మెలిపడతాయి, పళ్ళచక్రాలు ఒకదానినొకటి ఒరుసుకొంటాయి, స్టీరింగు బరువెక్కుతుంది. చివరకు ఏదో ఒక టైరు కిర్రుమని జారి ఆ మెలిని వదిలిస్తుంది. బిగుసుకోవడమంటే ఇదే.

ఎడ్లబండికి ఈ బాధ లేదు. దాని రెండు చక్రాలూ ఇరుసుమీద దేనికది స్వేచ్ఛగా తిరుగుతాయి. మోటారు బండిలో చక్రాలను శక్తితో తిప్పవలసి ఉన్నది కనుక వాటి మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల కూర్పును అమర్చారు. దాని ధర్మం ఒక్కటే: రెండు పక్కల చుట్ల సగటు ఎప్పుడూ లోపలికి వచ్చే చుట్లకు సమానం. లోపలికి 100 వస్తే ఒక పక్క 96, రెండవ పక్క 104 తిరగవచ్చును.

ఎడమ కుడి చక్రాల మధ్య పనిచేసే ఈ సాధనాన్నే ముందు వెనుక షాఫ్టుల మధ్య కూడా పెడితే? అదే ఎల్లప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బండి. దానిలో డిఫరెన్షియళ్ళు మూడు. 1970లో వెలువడిన రేంజ్ రోవర్ ఇటువంటిది. 2009లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన తొలి ఫార్చునర్ కూడా ఈ తెగకే చెందుతుంది.

ఈ అమరికలో ఒక లోటు ఉన్నది. నాలుగింటిలో ఒక్క చక్రం బురదలో జారినా చుట్లన్నీ దానికే పోతాయి, బండి కదలదు. అందుకని మధ్య డిఫరెన్షియల్‌కు తాళం పెట్టారు. కొన్ని బండ్లలో తాళాన్ని డ్రైవరే మీటతో వేస్తాడు. కొన్నిటిలో విస్కస్ కప్లింగు అనే మూసిన డబ్బా ఆ పని చేస్తుంది. అందులో పలుచని ఉక్కు బిళ్ళలు వరుసగా ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి ముందు షాఫ్టుతోను, తక్కినవి వెనుక షాఫ్టుతోను తిరుగుతాయి. వాటి నడుమ చిక్కని సిలికోన్ ద్రవం ఉంటుంది. బెల్లం పాకంలో గరిటెను మెల్లగా కదిపితే కదులుతుంది. జోరుగా తిప్పబోతే ఎదురు తిరుగుతుంది. ఈ ద్రవమూ అంతే. మలుపులోని స్వల్పమైన తేడాను ఒప్పుకొంటుంది, చక్రం జారినప్పటి పెద్ద తేడాను అడ్డుకొంటుంది. కాని నిత్యం వేడెక్కితే ద్రవం చెడి బిళ్ళలు పట్టుకుపోతాయి. అప్పుడు ఆ ఖరీదైన బండి ముందు గేరు తీయని పాత జీపుతో సమానమవుతుంది.

పెట్టె విప్పేముందు

ట్రాన్స్‌ఫర్ కేసు విప్పడం చాలా ఖర్చుతో కూడిన పని. తప్పు దానిలో లేకపోతే ఆ ఖర్చంతా వృథా అవుతుంది, అసలు కారణం అలాగే మిగిలి కొత్త భాగాన్ని కూడా చెడగొడుతుంది. కనుక చౌకయిన పరీక్షనుంచి ఖరీదైన పరీక్షకు క్రమంగా వెళ్ళవలెను.

మొదట లక్షణాన్ని నిర్ధారించుకోవాలి. స్టీరింగును పూర్తిగా తిప్పి, ఖాళీ స్థలంలో మెల్లగా నడపండి. తారుమీద బిగిసి, వదులు మట్టిమీద సాఫీగా పోతే అది షాఫ్టుల మధ్య మెలి అని చెప్పవచ్చును. తిన్నని రోడ్డులోకూడా లాగుతూ ఒక చక్రపు హబ్బు మాత్రమే బాగా వేడెక్కితే బ్రేకును అనుమానించాలి. మలుపులో టకటకమని చప్పుడు మాత్రమే వస్తూ, బండి ఆగబోయినట్లు లేకపోతే ముందు ఇరుసు కీళ్ళను చూడాలి.

రెండవది, తాళం మీట. మట్టిదారిలో వేసిన తాళం తీయడం మరచి ఉండవచ్చును. మీట మార్చినా లోపలి పళ్ళు మెలిబిగువువల్ల వెంటనే విడవవు. బండిని కొద్దిగా వెనుకకు, ముందుకు కదిపితే విడుస్తాయి. సూచిక దీపం ఆరినదో లేదో చూసుకోవాలి.

మూడవది, టైర్లు. ఎక్కువమంది దాటివేసేది ఇదే. వెనుక రెండు టైర్లు కొత్తవి వేసి, ముందు అరిగినవి ఉంచారనుకొందాం. వ్యాసార్ధాలు 350, 343 మిల్లీమీటర్లు. తేడా 7 మిల్లీమీటర్లే. కాని కిలోమీటరు దూరానికి వెనుక చక్రం 454.7 చుట్లు, ముందు చక్రం 464 చుట్లు తిరుగుతాయి. తేడా 9.3 చుట్లు, షాఫ్టు మీద 38 చుట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, తిన్నని రోడ్డుమీదకూడా, కప్లింగు నిమిషానికి 38 చుట్ల తేడాను భరిస్తూ వేడెక్కుతూ ఉంటుంది. కాబట్టి గాలి సరిచేసి, నాలుగు టైర్ల చుట్టుకొలతలను టేపుతో కొలిచి రాసుకోవలెను. ఎంత తేడా సమ్మతమో ఆ బండి పుస్తకంలో ఉంటుంది.

నాల్గవది, ఇరుసుల నిష్పత్తి. ఎప్పుడైనా పాత ఇరుసు మార్చి ఉంటే దాని పళ్ళ లెక్క చూడాలి. ఒక ఇరుసులో 41కి 10, మరొక దానిలో 43కి 11 పళ్ళుంటే నిష్పత్తులు 4.10, 3.91. సుమారు నూటికి 5 వంతుల తేడా. ఏ కప్లింగూ దీనికి తట్టుకోలేదు.

ఒక చక్రం ఎత్తి చూస్తే

ఇంతవరకు దోషం కనబడకపోతే అప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసును పరీక్షించవలెను. సమతలంమీద బండి నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, నేలమీద ఉండే చక్రాలకు ముందు వెనుక దిమ్మలు పెట్టాలి. గేరుపెట్టె న్యూట్రల్‌లో, తాళం తీసి ఉండాలి. ముందు చక్రాలలో ఒకదానిని జాకీతో ఎత్తి, ఇరుసు కింద స్టాండు పెట్టి, పొడవైన పానాతో చక్రాన్ని తిప్పడానికి ప్రయత్నించాలి.

దీని తర్కం చూడండి. రెండవ ముందు చక్రం నేలమీద నిలిచి ఉన్నది కనుక, ఎత్తిన చక్రం తిరగాలంటే ముందు షాఫ్టు తిరగాలి. వెనుక చక్రాలు నేలమీద ఉన్నవి కనుక వెనుక షాఫ్టు తిరగదు. అంటే రెండు షాఫ్టుల మధ్య తేడా ఏర్పడితేనే చక్రం కదులుతుంది. కప్లింగు లేని మామూలు డిఫరెన్షియల్ అయితే తేలికగా తిరుగుతుంది. కప్లింగు ఉండి అది మంచి స్థితిలో ఉంటే, నిలకడగా లాగినప్పుడు పాకంలో గరిటెవలె మెల్లగా తిరుగుతుంది. ఎంత లాగినా కదలకపోతే రెండు షాఫ్టులూ ఒకటిగా పట్టుకుపోయినవని అర్థం.

ఈ తీర్పును దృఢపరచడానికి మెకానిక్కు ముందు షాఫ్టును విప్పి, మెల్లగా కొద్ది దూరం నడిపి చూస్తాడు. బిగువు పోకపోతే దోషం ట్రాన్స్‌ఫర్ కేసులో లేదు. బిగువు పోయి, తాళం లేకుండానే బండి వెనుక చక్రాలతో మామూలుగా ఉరికితే కప్లింగు పట్టుకుపోయినట్లే. షాఫ్టు విప్పిన బండిని గేరులో ఉంచినంతమాత్రాన అది నిలిచి ఉంటుందని నమ్మరాదు, దిమ్మలు తప్పనిసరి. కేసులోని నూనెను తీసి చూస్తే మాడు వాసన, లోహపు రజను కూడా సాక్ష్యమిస్తాయి.

కప్లింగు మార్చిన తరువాత కూడా టైర్ల లెక్కను మరవరాదు. అది ఎందుకు వేడెక్కినదో తెలియకుండా కొత్తది వేస్తే కొన్నాళ్ళకు అదీ అదే దారి పడుతుంది. ఉపాధ్యాయులు పైథాగరస్ సూత్రం చెప్పేనాడు సైకిలు ప్రయోగాన్ని తరగతి చేత చేయించవచ్చును. ముందు చక్రపు గీత వెలుపల పడడం కళ్ళారా చూసిన విద్యార్థికి, బండిలో మూడవ డిఫరెన్షియల్ ఎందుకు కావలసివచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు.