వీపుకి నప్పిందే అసలు సంచి!

నెల్లూరు తీరాన ఉప్పుగాలే తప్ప మంచెక్కడిది? అయినా ఈ జిల్లాలోని గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లోనే ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కేశారు. 2015లో ఆండీస్ పర్వతాల్లో కన్నుమూశారు. మంచుకొండ అంత అందమైనదీ, అంత కఠినమైనదీ! ఇప్పుడు ఔలీకో గుల్మార్గ్‌కో స్కీయింగ్‌కి వెళ్లే మన పిల్లలు ముందు చూసుకోవాల్సింది వీపున వేసుకునే సంచిని.

రంగు చూసి కొనేయొద్దు. తల వంచితే మెడ వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక నుంచి నడుం ఎముక పైఅంచు దాకా టేపుతో కొలవండి. దానికి సరిపోయేదే మీ బ్యాగు. దుకాణంలోనే నాలుగైదు కిలోలు వేసి తగిలించుకోండి. నడుం పట్టీ బిగించగానే బరువు తుంటి మీదికి దిగాలి. భుజాలు లాగుతుంటే ఇంకోటి చూడాల్సిందే. ఒక్కరోజుకి 20 నుంచి 30 లీటర్లది చాలు.

మంచుచరియలు విరిగిపడే చోటికైతే పార, మంచులో గుచ్చి వెతికే కడ్డీ తప్పనిసరి. అవి విడి అరలో, చెయ్యి పెట్టగానే అందాలి. మంచులో కూరుకుపోయినవారికి మొదటి పది నిమిషాలే ప్రాణం! జాడ తెలిపే ట్రాన్సీవర్ మాత్రం సంచిలో కాదు... ఒంటిమీదే ఉండాలి.