మురుగు కాలువ నుండి ఇంటికి వచ్చే జ్వరం

మనం స్నానం చేసిన నీరు, వజూ చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు, మరుగుదొడ్డి నీరు అన్నీ గడప దాటి భూమి క్రింద ఒకే గొట్టంలో కలుస్తాయి. ఆ గొట్టం పూడుకుపోయిన నాడు తప్ప దానిని మనం తలచుకోము. దానిని బాగుచేయడానికి వచ్చిన మనిషిని గురించి, పని ముగించి వెళ్లిన తరువాత అతనికి ఏమవుతుందన్న సంగతిని గురించి ఆలోచించేది మరీ తక్కువ.

మ్యాన్‌హోల్‌లో విషవాయువు పీల్చి కార్మికులు మరణించారన్న వార్తలు పత్రికలలో వస్తూనే ఉంటాయి. ఆ మరణం నిమిషాలలో జరుగుతుంది గనుక అందరికీ కనబడుతుంది. మురుగులోని సూక్ష్మజీవులు కలిగించే వ్యాధి అటువంటిది కాదు. అది కార్మికుని వెంట ఇంటికి వెళ్లి, కొన్నాళ్లు అణగి ఉండి, ఆ పిదప బయటపడుతుంది. అప్పటికి ఆ పనికీ ఈ జ్వరానికీ గల సంబంధం ఎవరికీ స్ఫురించదు. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది.

ఇటువంటి వ్యాధులలో ముఖ్యమైనది లెప్టోస్పైరోసిస్. వాడుకలో ఎలుక జ్వరం అంటారు. 1886లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వైల్ దీని తీవ్రరూపాన్ని వివరించాడు. ఎలుకల మూత్రం ద్వారా ఈ క్రిములు మురుగునీటిలో చేరుతాయి. కాలి మీది చిన్న గాయం, నీటిలో నానిన చర్మం, కన్ను, ముక్కు, నోరు వీటిలో ఏ ద్వారమైనా వాటికి చాలు. సాధారణంగా 5 నుండి 14 రోజులలో, ఒక్కొక్కప్పుడు నెల రోజులకు లక్షణాలు కనబడతాయి. హఠాత్తుగా జ్వరం, తలనొప్పి, పిక్కలలో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం మొదటి సూచనలు. అశ్రద్ధ చేస్తే కొందరిలో కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఊపిరితిత్తులలో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు.

తొలి రోజులలోనే తగిన యాంటీబయాటిక్ అందితే చాలామందికి ఈ జ్వరం నయమవుతుంది. కాని రోగి మామూలు జ్వరమని చెబితే వైద్యుడు మామూలు జ్వరానికే మందు ఇవ్వవచ్చు. "పది రోజుల క్రితం మురుగులో దిగాను" అన్న ఒక్క మాట చికిత్స దారినే మార్చగలదు. 2018 వరదల తరువాత కేరళలో ఈ జ్వరం ప్రబలినప్పుడు, బురద ఎత్తే పనిలో ఉన్నవారికి డాక్సీసైక్లిన్ మాత్రలు ముందుగానే పంచారు. ఆ మాత్ర అవసరమో కాదో నిర్ణయించవలసినది మాత్రం వైద్యుడే.

టైఫాయిడ్, కలరా, హెపటైటిస్ ఎ, అతిసారం, కడుపులో పురుగులు చేతుల ద్వారా నోటికి చేరుతాయి. పని మధ్యలో త్రాగిన టీ, కాల్చిన బీడీ చాలు. తడిసిన దుస్తులతో ఇల్లు చేరితే పసిపిల్లలకూ ముప్పే. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం వీటికి టీకాలు ఉన్నాయి. అవి వేయించే బాధ్యత పని చేయించుకునేవారు స్వీకరించాలి.

2013 నాటి చట్టం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని నిషేధించింది. ఈ నిషేధం మునిసిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మురుగు కాలువలో మరణించినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు చెల్లించాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే పది రోజుల తరువాత జ్వరంతో మరణించినవాని మరణానికి మురుగే కారణమని తేలనప్పుడు, ఆ ఇల్లాలు ఏ పరిహారాన్ని అడగగలదు?

కనుక మన ఇళ్ల నుండే ఆరంభిద్దాం. సెప్టిక్ ట్యాంకు నిండితే యంత్రమున్న లారీని పిలవాలి. ఖర్చు తగ్గుతుందని మనిషిని దించరాదు. గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, శానిటరీ ప్యాడ్లు మరుగుదొడ్డిలో వేయకుండా పిల్లలకూ పెద్దలకూ నేర్పాలి. గొట్టం పూడితే దానిలో చేయి పెట్టవలసి వచ్చేది మరొకరే. మన వీధిలో కాలువ పని చేసినవారికి సబ్బు, కడుక్కోవడానికి ధారాళంగా నీళ్లు, దుస్తులు మార్చుకునే చోటు ఇవ్వాలి. వెళ్లేముందు ఒక మాట చెప్పి పంపాలి: "అన్నా, నెలలోపు జ్వరం వస్తే ఆలస్యం చేయకు. డాక్టరుకు ఈ పని సంగతి తప్పక చెప్పు."