మూడువేలకే కంప్యూటర్‌... మరి లాభమెక్కడ?

కేసముద్రం మార్కెట్‌ యార్డులో మిర్చి ధర ఊరికే తగ్గదు. తేమ ఉంటే తగ్గుతుంది, తాలుకాయ కలిస్తే తగ్గుతుంది. కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు తీసి చూసిగానీ రేటు చెప్పడు. మరి పాతికవేలు పెట్టాల్సిన కంప్యూటర్‌ను మూడువేలకే ఇస్తామని ఎవరైనా అంటే? ధర ఎక్కడ తగ్గిందో చూడాలి కదా! అలా చూడాల్సిన కథ ఒకటి మన హైదరాబాద్‌లోనే నడిచింది. దాని పేరు డేటావిండ్‌. ఆ పేరు గుర్తులేకపోయినా ‘ఆకాశ్‌’ అంటే చాలామందికి గుర్తొస్తుంది.

2011 అక్టోబరు 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్‌ సిబల్‌ ఢిల్లీలో ఆకాశ్‌ ట్యాబ్లెట్‌ను విడుదల చేశారు. ప్రపంచంలోకెల్లా చవకైన ట్యాబ్లెట్‌ అంటూ దేశమంతా మార్మోగింది. సర్కారు కొన్న ధర సుమారు 2,276 రూపాయలు. మొదటి ఆర్డరు లక్ష. తయారుచేసింది పంజాబీ మూలాలున్న కెనడా సోదరులు సునీత్‌ సింగ్‌ తులి, రాజా సింగ్‌ తులిల కంపెనీ. భాగాలను ఒకచోట చేర్చి బిగించింది మాత్రం హైదరాబాద్‌లోని క్వాడ్‌ సంస్థలో.

కోత ఎక్కడ?

ట్యాబ్లెట్‌లో ఖరీదైనవి తెర, దానిమీది టచ్‌ పొర. ఆ పొరను తులి సోదరులు మాంట్రియల్‌లో సొంతంగా చేసుకున్నారు. తొలి ఆకాశ్‌లో వేలు ఆనిస్తే చాలని పలికే తెర లేదు. గట్టిగా నొక్కాల్సిన రకం పెట్టారు. 366 మెగాహెర్ట్జ్‌ ప్రాసెసర్‌, 256 ఎంబీ ర్యామ్‌... అప్పటికే పాతబడిన సరుకు. ఆండ్రాయిడ్‌ ఎలాగూ ఉచితం.

ఇవన్నీ కలిసినా లాభం మిగలదు. అసలు కిటుకు వేరే ఉంది. డేటావిండ్‌ లాభం పరికరం మీద కాదు, దాంట్లో వాడే ఇంటర్నెట్‌, అప్లికేషన్లు, ప్రకటనల మీద వస్తుందని లెక్క. వెబ్‌పేజీని తమ సర్వర్లలోనే కుదించి పంపే పరిజ్ఞానం వాళ్ల దగ్గరుంది. దాంతో నత్తనడక 2జీ మీద కూడా పేజీ తెరుచుకుంటుంది. పల్లెల్లో అప్పటికి అందేది ఆ 2జీనే కాబట్టి ఎత్తుగడ తెలివైనదే!

చేతికొచ్చాక...

కాగితం మీది లెక్క పిల్లాడి చేతిలో కుదరలేదు. బ్యాటరీ తొందరగా అయిపోతోందని, తెర మొండికేస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. మరింత కఠినమైన పరీక్షలు పెట్టాలని ఐఐటీ రాజస్థాన్‌, ఆ ధరకు అది కుదరదని కంపెనీ పేచీ పడ్డాయి. చివరికి 2012లో బాధ్యత ఐఐటీ బొంబాయి చేతికి వెళ్లింది. 2,999 రూపాయలకు బయట అమ్మిన యూబీస్లేట్‌ 7+ కోసం ముందే డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూసినవాళ్ల గోడు కూడా అప్పట్లో పత్రికలకెక్కింది.

ధర తగ్గినప్పుడు డీలరు కమీషనుతోపాటు మరమ్మతు చేసే మనిషీ తగ్గిపోతాడు. నగరంలో ఉన్నవాళ్లకు అది పెద్దగా తెలియదు. కేసముద్రంలో ఉండి తెర పగిలితే మాత్రం వరంగల్‌కో హైదరాబాద్‌కో రైలెక్కాలి. చార్జీలు, పోయిన రోజు కూలీ కలిపితే మూడువేల పరికరం మూడువేలది కాదు.

2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్‌ ముఖర్జీ విడుదల చేసిన ఆకాశ్‌ 2లో మాత్రం లోపాలు చాలావరకు దిద్దారు. ఒక గిగాహెర్ట్జ్‌ ప్రాసెసర్‌, 512 ఎంబీ ర్యామ్‌, మెత్తగా తాకితే పలికే తెర. ధర 2,263 రూపాయలు. రాయితీపై విద్యార్థికి 1,130కే! అంటే చవక అనగానే నాసిరకం కానక్కర్లేదన్నమాట. 2013 చివర్లో బ్రిటన్‌లోనూ 30 పౌండ్లలోపే యూబీస్లేట్‌ అమ్మారు. 2014లో కంపెనీ టొరంటో స్టాక్‌ ఎక్స్ఛేంజీకెక్కింది. 2016లో శంషాబాద్‌ విమానాశ్రయం దగ్గర ఫ్యాక్టరీ పెట్టింది. ఆ రోజుల్లో దేశంలో ట్యాబ్లెట్ల అమ్మకాల్లో శాంసంగ్‌ను సైతం దాటింది.

దెబ్బ ఎటునుంచి వచ్చిందంటే... ఆ ఏడాదే సెప్టెంబరు 5న జియో వచ్చింది. 4జీ డేటా ఉచితమన్నాక, 2జీలో పేజీని కుదించి ఇచ్చే పరిజ్ఞానం ఎవరిక్కావాలి? లాభం తెచ్చిపెట్టాల్సిన ఇంటర్నెట్టే ఇతరుల చేతిలో ఉండటం ఈ వ్యాపారంలోని అసలు బలహీనత. తరవాతి ఏళ్లలో కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది.

అదే 2016లో హైదరాబాద్‌కే చెందిన ఆర్‌డీపీ మరో దారి తొక్కింది. 9,999 రూపాయలకే థిన్‌బుక్‌ అనే ల్యాప్‌టాప్‌. 14.1 అంగుళాల తెర, విండోస్‌ 10, 2 జీబీ ర్యామ్‌. కోత పడింది 32 జీబీ స్టోరేజీ దగ్గర. విండోస్‌ పోగా మిగిలేది కొంచెమే!

ఈ చవక యంత్రాల అవసరం నిజంగా పడింది 2020లో. కరోనాతో బడులు మూతపడి, సెప్టెంబరు 1న తెలంగాణలో ఆన్‌లైన్‌ పాఠాలు మొదలయ్యాయి. సర్కారు బడి పిల్లలకు అవి అందింది టీశాట్‌, దూరదర్శన్‌ యాదగిరి ద్వారా. దిక్కయింది ఇంట్లో టీవీనే.

2023లో జియో సొంతంగా 16,499 రూపాయలకు జియోబుక్‌ తెచ్చింది. యంత్రమూ, అందులోని 4జీ నెట్‌వర్కూ వాళ్లదే. ఇటు చాలా కుటుంబాలు సికింద్రాబాద్‌లోని సీటీసీ బాట పడుతున్నాయి. ఆఫీసులు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు అక్కడ బాగుచేసి అమ్ముతారు. కొనేముందు చూడాల్సినవి... చార్జర్‌ తీసేశాక బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోంది, లోపల ఎస్‌ఎస్‌డీ ఉందా, కీబోర్డులో అన్ని అక్షరాలూ పడుతున్నాయా, ఎన్నాళ్ల వారంటీ కాగితం మీద రాసిస్తున్నారు?